పైడమ్మ చేదు

భీమిలి తీరానికి ఎదురుగా, నీళ్ళ అడుగున ఒక బండ ఉంది. ఆ బండ మీద పైడమ్మ అనే స్పాంజి కాపురం. స్పాంజి అంటే పుట్టిన చోటే అతుక్కుని బతికే జీవి. పళ్ళు లేవు, గోళ్ళు లేవు, డిప్ప లేదు, పారిపోదామంటే కాళ్ళూ లేవు. ఒళ్ళంతా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి నీళ్ళు పీల్చి, అందులో దొరికింది తిని, మిగతా నీళ్ళు వదిలేస్తుంది. అంత దిక్కులేని ప్రాణినీ ఏ చేపా ముట్టేది కాదు. కారణం ఆమె ఒంట్లోని చేదు. ఒక్కసారి కొరికిన చేప మూడు రోజులు మూతి కడుక్కుంటూ తిరగాల్సిందే.

ఆ చేదే మందు కూడా. మొప్ప చిరిగినవాళ్ళూ, తోక పుండుపడినవాళ్ళూ వచ్చి ఆమెకి ఒళ్ళు రాసుకుని పోయేవారు. పుండు మానేది. ఎర్రయ్య అనే పీత అయితే ఆమెనడిగి ఒక ముక్క కత్తిరించుకుని, టోపీలా వీపు మీద మోసుకు తిరిగేవాడు. వాణ్నీ ఎవరూ ముట్టేవారు కాదు. దీంతో పైడమ్మకి గర్వం పట్టింది. పట్టదూ మరి, రోజూ పదిమంది వచ్చి నీ అంత వైద్యురాలు లేదంటుంటే! “ఈ సేదు నా పుట్టుకతో వొచ్చింది,” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

తౌడు అనే రంగుల చేపకి స్పాంజి మాంసమంటే ప్రాణం. తుపానుకి విరిగి బురదలో కూరుకుపోయిన పైడమ్మ ముక్క ఒకటి వాడికి దొరికింది. భయపడుతూనే కొరికాడు. చేదు లేదు! చూస్తే, దాని చిల్లులన్నీ బురదతో పూడుకుపోయి, లోపల ఉండే నలుసుల్లాంటి సూక్ష్మజీవులు ఊపిరాడక చచ్చిపోయి ఉన్నాయి. పైడమ్మ గోడల్లో అలాంటి నలుసులు లక్షలు. ఓహో, చేదు వండేది వీళ్ళన్నమాట, అనుకున్నాడు తౌడు. మర్నాడే పైడమ్మ దగ్గర వాలాడు.

“ఏటత్తా, ఇలా సిక్కిపోనావు?”

“సిక్కిపోనా మరి? పొద్దల్లా నీల్లు లాగుతుంటే!”

“ఎవలి కోసం లాగతన్నావు? నీ గోడల్లో ఉన్నారే, ఆ నలుసులు, తింటన్నారు, తొంగుంటన్నారు. ఒక్కలైనా ఏనాడైనా ఒక సుక్క లాగినారా?”

పైడమ్మ ఆలోచించింది. “లాగలేదు,” అంది.

“మందు నీది, పేరు నీది. గెంటేత్తానని అని సూడు, సేదు మాదే అంటారు ఆల్లు.”

“ఆల్లదా?” పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది. “నా సేదు ఆల్లదెలాగవుద్ది?”

“నాకు తెల్దా అత్తా? నాలుగు రోజులు నీ సిల్లులన్నీ మూసీ. ఊపిరాడక ఆల్లే ఎలిపోతారు.”

పైడమ్మ మూసేసింది. రెండో రోజుకి లోపల్నించి ఒక ముసలి నలుసు గొంతు వినబడింది.

“తలుపు తియ్యమ్మా. పిల్లలు సచ్చిపోతన్నారు.”

“అయితే బైటికి పొండి.”

“బైట మేం బతకలేం తల్లీ. నీ గోడలు తప్ప మాకింకేటీ తెల్దు. నీ సేదు వండేది మేమేనమ్మా. మేం పోతే నిన్ను తినేస్తారు.”

“అదిగో! తౌడు సెప్పిన మాటే!” అంది పైడమ్మ. కొద్దిగా తెరిచి ఉన్న చిల్లులు కూడా బిగించేసింది. పాపం, ఆ ముసలిది అబద్ధమాడినా బాగుండేది.

నాలుగో రోజుకి లోపల చప్పుడు లేదు. పైడమ్మ చిల్లులు తెరుచుకుని హాయిగా ఊపిరి పీల్చింది. తౌడు వచ్చి ఒక అంచు కొరికాడు. నమిలాడు. ఉమ్మలేదు, మింగాడు.

“ఓరి తౌడూ! సేదుగా లేదేట్రా?”

“తియ్యగున్నావత్తా,” అంటూ మరో ముక్క కొరికాడు వాడు.

అప్పుడు గుర్తొచ్చింది పైడమ్మకి, ముసలి నలుసు మాట. ఆ దారినే ఎర్రయ్య పోతున్నాడు.

“ఎర్రయ్యా! నీ ఈపు మీది ముక్కలో నలుసులింకా బతికే ఉంటాయిరా. దాన్ని నా పక్కన అతికించు బాబూ. నాలుగు నలుసులొచ్చినా మల్లీ బతుకుతాను!”

ఎర్రయ్య వెనక కాళ్ళతో టోపీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. “ఇది తీస్తే నన్నెవలైనా తినేత్తారు గదమ్మా.”

“అది నా ఒల్లేరా! నానిచ్చిందే!”

“సేదు నీ పుట్టుకతో వొచ్చిందని అందరికీ సెప్పినావు గదా. మల్లీ పుట్టించుకో,” అని ఎర్రయ్య పక్కకి పక్కకి నడుచుకుంటూ పోయాడు.

తౌడు మూడు రోజులు తిన్నాడు. తొందరపడలేదు, ఆమె ఎక్కడికీ పోలేని ప్రాణి కదా. ఆ తర్వాత తోక చిరిగిన చేప ఒకటి మందు కోసం వచ్చి, బోడి బండకి ఒళ్ళు రాసుకుని, పుండు ఇంకా రేపుకుని పోయింది.

నేర్చుకోవాల్సింది ఇంతే: తనని కాస్తున్నవాళ్ళని తిండి దండగని గెంటేసినవాళ్ళకి, ఆపదలో కాసేవాళ్ళు ఎవరూ మిగలరు.