పలకరింపు పాఠం

పన్నెండు భాషల్లో పదకొండు పూర్తయ్యాయి. సవర ఒక్కటే మిగిలిపోయింది.

సింహాద్రి విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్తాడు. రెండేళ్లుగా ఆదివారమనీ పండగనీ చూడకుండా ఒక ఆన్‌లైన్ కోర్సు తయారుచేస్తున్నాడు. మన చుట్టూ ఉన్న భాషలు, ఆ భాషల వెనకున్న బతుకులు. ఫీజు లేదు. చేతిలో ఫోనుంటే ఎవరైనా చేరొచ్చు. కొండ మీది బడికి బదిలీ అయి వెళ్లి, పిల్లలు ఏమంటున్నారో తెలియక బిక్కమొహం వేసుకు కూర్చునే టీచర్ల కోసం మొదలుపెట్టిన పని అది. ఇప్పటికే నాలుగు వేల మంది పేర్లు ఇచ్చారు. సోమవారం మొదటి పాఠం పెట్టాలి.

ఆ పాఠం పేరు 'పలకరింపు'. పన్నెండు భాషలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తెర మీదికొచ్చి, తమ భాషలో ఒక్క మాట పలకరించి వెళ్తారు. మనిషికి ఏడు సెకన్లు. చూసినవాళ్లంతా భలే ఉందన్నారు. ఆ ఆలోచన తనదేనని సింహాద్రికి లోలోపల గర్వంగానే ఉండేది.

సవర దగ్గరే పని కుదరలేదు. రెండుసార్లు సీతంపేట కొండల్లోకి వెళ్లి వచ్చాడు. కెమెరా చూసి కుర్రాళ్లు హలో అన్నారు. పెద్దవాళ్లు నమస్తే అన్నారు. ఆ మాటల కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు.

ఆఖరికి గురువుగారి గుమ్మం ఎక్కాడు.

అప్పలస్వామి మాస్టారు రిటైరై పదేళ్లయింది. సవర మాటలు పోగుచేస్తూ ముప్పై ఏళ్లు ఆ కొండల్లో తిరిగారు. ఏనాడూ ఒంటరిగా తిరగలేదు. భార్య నూకరత్నం గారు వెంట ఉండేవారు. ఈయన కాగితాలు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, ఆవిడ లోపల పొయ్యి దగ్గర కూర్చునేవారు. "నేను రాసుకున్న మాటల్లో సగం ఆవిడ పొయ్యి దగ్గర ఏరుకొచ్చినవే" అని మాస్టారు క్లాసులో చెప్పేవారు. ఆవిడ పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచి ఆయన ఊరు దాటలేదు.

"గైరమ్మ మీ మాట కాదనదు సార్. మీరు పక్కనుంటే చాలు" అన్నాడు సింహాద్రి.

గైరమ్మ సవర ముసలమ్మ. ఆ కొండలెక్కిన ముప్పై ఏళ్లూ మాస్టారు దంపతులు దిగింది ఆమె ఇంట్లోనే.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎప్పుడు?"

"శనివారం సార్."

"సరే. పొద్దున్నే వెళ్దాం."

శనివారం జీపు కొండ కింద ఆగింది. అక్కణ్నుంచి నడక. ఎండ ముదిరితే బొమ్మ సరిగా రాదని సింహాద్రి తొందరపడ్డాడు. మాస్టార్ని నిదానంగా రమ్మని చెప్పి, సంచులు భుజాన వేసుకుని తను ముందు ఎక్కేశాడు.

గైరమ్మ అరుగు మీద కూర్చుని కొండచీపుళ్లు కడుతోంది. మాస్టారు వెనకే వస్తున్నారని సింహాద్రి చెప్పగానే మొహం విప్పారింది. ఇంకేదో అడగబోయింది గాని అతనప్పటికే పనిలో పడ్డాడు. చీపుళ్లు పక్కకి నెట్టి స్టూలు వేశాడు. కోళ్లని తోలించాడు. ఆమె పేరూ వయసూ కాగితం మీద రాసుకుని వేలిముద్ర వేయించాడు. చీర కొంగుకి మైకు తగిలించి, దాని వైరు వెనకనుంచి తెచ్చి కెమెరాకి పెట్టాడు.

అప్పుడొచ్చారు మాస్టారు, రొప్పుతూ.

గైరమ్మ చటుక్కున లేవబోయింది.

"లేవకండి మామ్మా, లేవకండి. వైరు ఊడిపోతుంది. ఐదు నిమిషాలు అలాగే ఉండండి" అన్నాడు సింహాద్రి.

ఆమె కూర్చుండిపోయింది. మాస్టారు ఆమెకి తల పంకించి, చడీచప్పుడు లేకుండా వెళ్లి కెమెరా వెనక గోడవార చతికిలబడ్డారు. గైరమ్మ ఆయన్ని చూసింది. తర్వాత దారి వంక చూసింది. చాలాసేపు దారి వంకే చూసింది.

"ఇటు చూడండి మామ్మా. మీ భాషలో ఒక పలకరింపు చెప్పండి."

"ఎవులికి?" అంది తెలుగులో.

"ఎవరికైనా సరే."

"ఎవులొచ్చారు?"

"ఎవరో వచ్చారనుకోండి. ఏమంటారు?"

గైరమ్మ ఆలోచించింది. పాపం, అతనికి సాయం చెయ్యాలనే ఉంది ఆమెకి.

"ఎవులో రారు బాబూ, మనిసొస్తాడు. సంత నుంచి అలిసిపోయొచ్చినోడుంటాడు. జొరమొచ్చిన పిల్లని బుజానేసుకొచ్చినోడుంటాడు. అందరికీ ఒకటే మాటంటారేటి?"

"ఒక్కటి చాలు మామ్మా. ఏడు సెకన్లు అంతే."

గైరమ్మ కెమెరా అద్దంలోకి చూసింది. రెండు చేతులూ జోడించి, "నమస్తే" అంది.

సింహాద్రి నుదురు పట్టుకున్నాడు. సోమవారం నాలుగు వేల మంది ఎదురుచూస్తుంటారు. గురువు వైపు తిరిగి, "మీరైనా చెప్పండి సార్. మీరు చెప్తే వింటుంది" అన్నాడు.

మాస్టారు గోడ పట్టుకుని లేచారు. చెప్పులు వేసుకున్నారు. అరుగు దిగి, వచ్చిన దారినే నడుచుకుంటూ వెళ్లిపోయారు.

కోపం వచ్చిందేమో అనుకున్నాడు సింహాద్రి. మాస్టారు చివరింటిని దాటి, పనసచెట్టు మలుపు దాటి కనపడకుండా పోయారు. అరుగు మీద ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి మలుపు దగ్గర మళ్లీ కనిపించారు, ఇప్పుడే ఊళ్లోకి వస్తున్నట్టు. ఎక్కుడు కదా, మోకాలి మీద చెయ్యి వేసుకుని మెల్లగా వస్తున్నారు. దారి మధ్యన నడవడం లేదు. పక్కన ఇంకొకరు నడవడానికి చోటు వదిలినట్టు, ఒక అంచుగా వస్తున్నారు.

గైరమ్మ కొంగుకున్న మైకు తనే పీకి స్టూలు మీద పెట్టింది. సింహాద్రి వద్దనలేదు. ఆమె చెంబుతో నీళ్లు ముంచుకుని వాకిట్లోకి ఎదురు వెళ్లింది. మాస్టారు మొహం చూసింది. ఆయన భుజం మీదుగా ఖాళీ దారి చూసింది.

"ఒక్కడివే వచ్చావా, తమ్ముడా?" అంది. ఈసారి సవరలో.

"ఒక్కణ్నే వచ్చాను అక్కా" అన్నారు మాస్టారు, సవరలోనే.

ఆమె చెంబు కింద పెట్టింది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే తడుముతూ నిలబడింది. అక్కడే, ఆ వాకిట్లోనే ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. ముందు ఆమె ఏడ్చింది. తర్వాత మాస్టారు ఏడ్చారు.

నూకరత్నం గారు పోయిన రోజు సింహాద్రి మాస్టారింట్లోనే ఉన్నాడు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేయిస్తూ, టీ తాగారా అని అడుగుతూ తిరిగిన మాస్టార్ని చూశాడు. ఆ రోజూ తర్వాతా ఆయన కంట తడి ఎవరూ చూడలేదు. వచ్చిన ప్రతివాళ్లూ "ధైర్యంగా ఉండండి" అన్నారు. సింహాద్రి కూడా అదే అన్నాడు.

కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో ఖాళీ స్టూలు కనిపిస్తోంది. కొంచెం కుడివైపు తిప్పితే వాకిలంతా పడుతుంది. సింహాద్రి చెయ్యి దాని మీదికి వెళ్లింది. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత కెమెరా ఆపేసి, అద్దానికి మూత పెట్టాడు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకి గైరమ్మ లేచి ముగ్గురికీ రాగిపిండితో కాచిన చోడి అంబలి పోసింది. నూకరత్నం గారు అంబలిలోకి ఉల్లిపాయ ఎలా కొరికేవారో చేసి చూపించింది. మాస్టారు నవ్వారు. ఆవిడ ఎప్పుడు జబ్బుపడిందీ, ఆఖరి రోజుల్లో ఏం తిన్నదీ, ఏం తినలేకపోయిందీ చెప్పుకొచ్చారు. గైరమ్మ వింటూ వింటూ మధ్యలో ఆయన గిన్నెలో ఇంకాస్త పోసింది.

"సోమవారం పెట్టాలన్నావు కదూ?" అన్నారు మాస్టారు శిష్యుడితో.

"ఈ సోమవారం పెట్టను సార్. ఇంకా టైము పడుతుందని చేరినవాళ్లకి రాస్తాను. ఆ పదకొండుమంది దగ్గరికీ మళ్లీ వెళ్లాలి."

మాస్టారు గిన్నె కడుక్కోవడానికి లేచారు.

పొద్దు వాలుతుండగా బయల్దేరారు. సింహాద్రి సంచులు సర్ది భుజాన వేసుకున్నాడు. గైరమ్మ వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది. అతను అప్పుడే ఆ వాకిట్లోకి అడుగుపెట్టినట్టు, కాళ్ల దగ్గర్నుంచి మొహం దాకా నింపాదిగా చూసింది.

"నువ్వు ఎవరింటి బిడ్డవి, నాయనా?" అంది సవరలో.

పొద్దున్నుంచీ ఆమె పేరు తెలుసు అతనికి. వయసు తెలుసు. వేలిముద్ర కూడా సంచిలో ఉంది. తన పేరు ఆమెకి చెప్పలేదు.

అతను మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు అప్పటికే దారిలోకి దిగారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు:

"నన్ను చూస్తావేం? అడిగింది నిన్ను."

సింహాద్రి భుజాన ఉన్న సంచులు దించి, వాకిట్లో కూర్చున్నాడు.