అడుగు చూడని జాడీ

అనగా అనగా ఒక ఏరు. ఏటికి ఇవతల నేతగాళ్ళ ఊరు, అవతల కాయగూరలు పండించేవాళ్ళ ఊరు. ఇవతలి ఊళ్ళో పేరిందేవి అనే ఇల్లాలు ఉండేది. ఆమె వంటింటి మూల నడుమెత్తు జాడీ ఒకటి ఉండేది. ఆ జాడీలో ఎప్పుడూ టమాటా గుజ్జు ఉండేది.

అంత పాతకాలంలో టమాటాలెక్కడివని అడగకండి పిల్లలూ. కథలో చిలక మాట్లాడితే ఊరుకుంటారు గదా, టమాటా పండితే మాత్రం ఊరుకోరా?

మాఘమాసం వచ్చిందంటే అవతలి ఒడ్డున టమాటాలు విరగపండేవి. వానలు మొదలయ్యాక మచ్చుకు ఒక్క కాయ దొరికేది కాదు. అందుకని గురవయ్యశెట్టి అనే వర్తకుడు ఎండలుండగానే కాయలు కొని, గంగాళాల్లో ఉడికించి, గుడ్డలో వడగట్టి, ఉప్పు కలిపి, చిక్కబడేదాకా ఎండబెట్టి, ఆ గుజ్జును ఊరంతటికీ అమ్మేవాడు. ఇల్లాళ్ళు దాన్ని జాడీల్లో పోసుకుని, పైన నువ్వులనూనె తేలేట్టు పోసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి దాచుకునేవారు. వానాకాలమంతా చారుకైనా పప్పుకైనా అదే ఆధారం.

పేరిందేవికి మగడు చిన్నతనంలోనే పోయాడు. పిల్లలు లేరు. తర్వాత కొన్నాళ్ళకు అత్తగారు కూడా మంచాన పడింది. కన్నుమూస్తూ ఆవిడ కోడలికి రెండు అప్పగించింది. ఒకటి, పసివాడైన తన చిన్నకొడుకు భావన్న. రెండు, ఆ జాడీ.

"వీడి కడుపు మాడనీయకు. ఆ జాడీ అడుగు కనపడనీయకు. జాడీ అడుగు కనపడిన ఇంట్లో లక్ష్మి నిలవదు" అంది.

పేరిందేవి రెండు మాటలూ నిలబెట్టుకుంది. మరిదిని కన్నకొడుకులా సాకింది. జాడీలో గుజ్జు జానెడు లోతుకు దిగిందంటే చాలు, శెట్టి దగ్గరకు పరుగెత్తి కొత్త గుజ్జు తెచ్చి పాతదాని మీదే పోసేది. ఏ ఏటికాయేడు అదే పని. జాడీ ఒక్కనాడూ ఖాళీ అయింది లేదు. ఒక్కనాడూ నీళ్ళు చూసింది లేదు.

ఉప్పూ నూనే కొన్నేళ్ళు కాపాడాయి. కానీ ఉప్పుకైనా ఒక ఓపిక ఉంటుంది గదా!

భావన్న పెద్దవాడయ్యాడు. మగ్గం మీద మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు. పేరిందేవి ఏటి అవతలి ఊరు నుంచి తాయారు అనే పిల్లను చూసి, తనే దగ్గరుండి పెళ్ళి చేయించింది. తాయారు నెమ్మదైన పిల్ల. పని చేస్తుంటే గాజుల చప్పుడే గాని నోటి చప్పుడు వినపడేది కాదు.

కాపురానికి వచ్చిన కొత్తలో తాయారు జాడీ వైపు చూసి అడిగింది. "అక్కయ్యా, దీన్ని ఎప్పుడు కడుగుతారు?"

"కడగడమా?" పేరిందేవి చేతిలో చేట ఆగిపోయింది. "ఎందుకూ కడగడం?"

"మా ఇంట్లో చిన్న చిన్న జాడీలే పెట్టుకుంటాం. ముందు పాతది తినేస్తాం. ఖాళీ అయినదాన్ని వేణ్ణీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించి, తడి లేకుండా ఆరాకే కొత్తది పోస్తాం."

"మీ ఇంటి పద్ధతులు మీ ఇంట్లోనే పెట్టుకో అమ్మాయ్. ఈ జాడీ అడుగు నేనే చూడలేదు, నువ్వు చూస్తావా?"

తాయారు తన పనిలోకి వెళ్ళిపోయింది. పేరిందేవికి మాత్రం ఆ మాట కంట్లో నలుసులా ఉండిపోయింది.

ఆ ఏడు మాఘంలో పేరిందేవి శెట్టి కొట్టుకు వెళ్ళింది. ఆమె గుజ్జు కొనడం ఊరికి ఒక వేడుక. వేలితో కాస్త తీసి ఆకు మీద పెట్టేది. ఆకును వంచి చూసేది. చుట్టూ నీరు ఊరితే ఉడకలేదని తోసేసేది. కదలకుండా నిలిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. అప్పుడు గాని సరే అనేది కాదు. కొత్త గుజ్జును ఇంత పరీక్ష చేసిన మనిషి, అది పోయబోయే జాడీని మాత్రం ఒక్కసారి వాసన చూడలేదు.

శ్రావణంలో వాసెన విప్పితే గుప్పున పులిసిన కంపు కొట్టింది. పైన తెల్లగా బూజు.

మనుషులకు ఒక అలవాటుంది. ఇంట్లో ఏదైనా చెడితే, ఎన్నాళ్ళుగానో ఉన్నవాటి మీదికి చూపు పోదు, కొత్తగా వచ్చిన మనిషి మీదికే పోతుంది.

"తడిగరిటె పెట్టావు కదూ?" అంది పేరిందేవి.

"లేదక్కయ్యా..." తాయారు ఇంకా ఏదో అనబోయింది.

అంతలో జాడీ వెనక గోడ మీంచి బల్లి కిచకిచమంది. మాట అంటుండగా బల్లి పలికితే ఆ మాట సత్యమని మన పెద్దలు అంటారు గదా. "చూశావా, బల్లి కూడా పలికింది!" అని పేరిందేవి నేలమీద మూడుసార్లు వేలితో తట్టింది. పైన బూజు తీసి పారేసి, మిగతాది మరిగించి ఎలాగో వాడుకున్నారు.

రెండో ఏడు తాయారు గరిటెను ఎండలో పెట్టి, పొడిగుడ్డతో తుడిచి గాని జాడీ దగ్గరకు పోలేదు. అయినా శ్రావణంలో మళ్ళీ బూజు. ఈసారి పైన బుడగలు కూడా.

"గరిటె కాకపోతే తడిచెయ్యి" అంది పేరిందేవి. బల్లి మళ్ళీ కిచకిచమంది.

"అక్కయ్యా, నన్ను ఎన్నైనా అనండి. ఒక్కసారి దీని అడుగు చూద్దాం" అని తాయారు బతిమాలింది.

"నా గొంతులో ప్రాణం ఉండగా జరగదు!"

ఆ కోపంతోనే ఆమె శెట్టి మీదికి వెళ్ళింది. గురవయ్యశెట్టి తాపీగా విన్నాడు. "ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట. అమ్మా, నీకు కొలిచిన గంగాళంలోంచే వీధంతా కొన్నారు. ఒక్కరి జాడీ చెడలేదు. మరి లోపం నా గుజ్జులో ఉందా, మీ ఇంట్లో ఉందా?"

శెట్టి అన్నది నిజమే. లోపం ఇంట్లోనే ఉంది. కానీ పేరిందేవి ఆ మాటను తాయారు మీదికే తిప్పుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనం విన్నాం. దుత్త చేసిన తప్పు తోడికోడలి మీద పడటం ఈ కథలోనే విన్నాం.

మూడో ఏడు తాయారు నెలతప్పింది. పేరిందేవి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇల్లంతా పాకే బిడ్డను తలుచుకుని ఉయ్యాల తాళ్ళు తానే పేనింది. తాయారును పొయ్యి దగ్గరకే రానివ్వలేదు. శ్రావణంలో మంచిరోజు చూసి సీమంతం పెట్టారు. అవతలి ఒడ్డు నుంచి తాయారు తల్లి, పెద్దమ్మలు, మేనత్తలు పడవ నిండా వచ్చారు.

"మా టమాటా పప్పు తింటే మళ్ళీ ఏరు దాటబుద్ధి కాదు మీకు" అని పేరిందేవి అందరి ముందూ గొప్పగా వాసెన విప్పింది.

ఆ కంపుకు ముందు వరసలో కూర్చున్న మేనత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. పేరిందేవికి తల కొట్టేసినట్టయింది. ఆ అవమానంలో ఆమె నోటివెంట ఒక మాట జారింది.

"ఏం చేసేది! దీని చెయ్యి పడితే ఏదైనా ఇలా కుళ్ళిపోవలసిందే!"

గోడ మీద బల్లి కిచకిచమంది. అందరూ విన్నారు.

గాజులు తొడిగించుకోవడానికి చాపిన చేతిని తాయారు నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. ఆ చేతిని కడుపు మీద పెట్టుకుంది. పెట్టుకుని, మళ్ళీ భయపడినట్టు తీసేసింది.

"అక్కయ్యా, ఈ ఏడు నేను ఆ జాడీని ముట్టుకోనేలేదు" అంది.

భావన్న లేచి నిలబడ్డాడు. "వదినా, నువ్వు అన్నం పెట్టి పెంచిన వాణ్ణి. నీకు ఎదురు చెప్పలేను. కానీ నా బిడ్డను మోసే మనిషిని అంత మాట అన్నాక ఈ ఇంట్లో మాకు ముద్ద దిగదు" అన్నాడు.

మర్నాడు మగ్గం విప్పి పడవలో వేసుకుని భార్యాభర్తలు ఏరు దాటారు. పేరిందేవి గడపలో నిలబడి చూసింది. పిలిస్తే ఆగేవాళ్ళేమో. ఆమె పిలవలేదు. పోనీ, జాడీ అయినా బాగుపడుతుంది అనుకుంది.

ఆ మాఘంలో తానొక్కతే వెళ్ళి గుజ్జు కొంది. తన చేత్తోనే పోసింది. తన గరిటెనే వాడింది. వంటింటికి తాళం వేసి చెవి బొడ్డున దోపుకుంది. ఒక్కదానికి ఎంత కావాలి? వారానికోసారి చారు పెట్టుకుంటే గొప్ప. చారు పెట్టినప్పుడల్లా ఆమె చెయ్యి అలవాటుగా మూడు కంచాలు తీసేది. రెండు మళ్ళీ లోపల పెట్టేది.

శ్రావణం వచ్చింది. ఒకనాడు చారుకని వాసెన విప్పింది.

బూజు. బుడగలు. అదే కంపు.

పేరిందేవి చుట్టూ చూసింది. తడిగరిటె పెట్టిందని అనడానికి ఇంట్లో మనిషి లేదు. గోడ మీద బల్లి మాత్రం కిచకిచమంది.

"ఇప్పుడెవర్ని అంటున్నావే?" అంది పేరిందేవి.

అప్పుడు బల్లికి మాటలొచ్చాయి. "మొదటినుంచీ ఈ జాడీనే అంటున్నాను తల్లీ. దీని వెనకే కాపురం ఉన్నదాన్ని. అడుగు కుళ్ళిన వాసన భరించలేక మొత్తుకున్నప్పుడల్లా నువ్వు నేల తట్టి, సత్యం సత్యం అన్నావు. నన్ను సాక్ష్యం పిలిచావు గాని, సంగతేమిటని ఎన్నడైనా అడిగావా?"

పేరిందేవి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. గిన్నెలకు ఎత్తి ఆ గుజ్జంతా పెరట్లో పారబోసింది. మోచెయ్యి దిగింది, భుజం దిగింది. అప్పటికి గాని అడుగు తగల్లేదు. తగిలింది గుజ్జు కాదు. నల్లగా, తారులా, గోడలకు కరుచుకుపోయిన పాత మడ్డి. అత్తగారి నాటిది. తాను కొత్తది పోసి పోసి కప్పిపెట్టినది. ఏటేటా పైన పోసిన మంచి గుజ్జును ఏటేటా అదే కుళ్ళబెట్టింది.

జాడీ పక్కన కూలబడి ఆమె చాలాసేపు ఏడ్చింది. గుజ్జు పోయినందుకు కాదు. వెనక్కి తీసుకున్న ఆ చెయ్యి కళ్ళముందు నిలిచింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, పట్టుకోకుండా ఉండలేదు గదా మనిషి. జాడీని కడిగి, ఎండలో బోర్లించి, పేరిందేవి పడవెక్కింది.

అవతలి ఒడ్డున తాయారు ఇల్లు చిన్నది. వసారాలో మగ్గం ఆడుతోంది. వంటింటి గట్టు మీద చిన్న జాడీలు వాసెనలు కట్టుకుని వరసగా ఉన్నాయి. తాయారు ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. భావన్న మగ్గం ఆపి "రా వదినా" అన్నాడు. కంచంలో టమాటా పప్పు వడ్డించారు. ఎన్నో ఏళ్ళ తర్వాత పేరిందేవి నాలుకకు అసలు రుచి తగిలింది. చేతిలో ముద్ద కంచంలోకి దించింది.

"అడుగు చూశానమ్మా" అంది. "తప్పు నీ చేతిది కాదు. నా జాడీది. నా నోటిది. నన్ను క్షమించు తాయారూ."

"ఊరుకోండక్కయ్యా, పెద్దవారు" అంది తాయారు. ఆమె కళ్ళు కూడా తడిశాయి.

ఉయ్యాలలో ఆడపిల్ల కదిలింది. పేరిందేవి రెండు చేతులూ చాపింది. తాయారు బిడ్డను ఎత్తుకుంది. ఇవ్వబోయి, రెప్పపాటు ఆగింది. అత్తయ్యల ముందు విన్న ఆ మాట ఆమెకు గుర్తొచ్చిందని పేరిందేవికి తెలిసింది. తర్వాత తాయారు బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. పెట్టనైతే పెట్టింది గాని, ఆ రెప్పపాటును పేరిందేవి బతికినంతకాలం మరిచిపోలేదు.

"ఇంటికి వచ్చేయండమ్మా. జాడీ కడిగాను" అంది పేరిందేవి పొద్దువాలుతుండగా.

భావన్న తల వంచుకున్నాడు. తాయారే జవాబు చెప్పింది. "ఇక్కడ పొయ్యి వెలిగించాం గదక్కయ్యా. ఉగాదికి వస్తాం, పిల్లను తీసుకుని."

బయల్దేరేటప్పుడు తాయారు పేరిందేవి చేతిలో ఒక చిన్న జాడీ పెట్టింది. "ఇది అయిపోయాక కడిగి, ఆరబెట్టి పంపండి. మళ్ళీ నింపి ఇస్తాను."

ఉగాదికి వాళ్ళు వచ్చారు. ఒక పూట ఉండి వెళ్ళారు. ప్రతి ఏడూ వచ్చారు, ప్రతి ఏడూ ఒక పూట ఉండి వెళ్ళారు. పేనిన ఉయ్యాల తాళ్ళు ఆ ఇంటి దూలానికి వేలాడలేదు. చిన్న జాడీ మాత్రం ఏటికి ఇటూ అటూ తిరిగింది. అది ఖాళీ అయిన ప్రతిసారీ పేరిందేవి దాన్ని వెలుగులోకి వంచి, తెల్లటి అడుగును కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని గాని కడిగేది కాదు. బల్లి అక్కడే ఉంది. మళ్ళీ పలకలేదు.

తన జాడీ అడుగు చూసుకోని వారికి ఎదుటివారి గరిటె ఎప్పుడూ తడిగానే కనబడుతుంది. జాడీని ఎప్పుడైనా కడుక్కోవచ్చు, అన్నమాటను మాత్రం కడగలేం.