సాంచాల చప్పుడులో

పిల్లలకు చదువు చెప్పగలనన్న నమ్మకం తనకు పోయిందని నాగలత ఎన్నడూ పైకి అనలేదు. ఆ సాయంత్రం ట్యూషన్ పిల్లలు వెళ్ళిపోయాక సత్తయ్య సారుతో అనేసింది. బడి మానేసి ఒంటరిగా చదువుకుంటున్న రోజుల్లో ఆమెకు పుస్తకాలిచ్చిన పెద్దాయన ఆయన.

"రుచితకు ఏడాది చెప్పిన సారూ. పుస్తకం ముందర పెడితే నోరు తెరవదు. చదువు ఎక్కదని వాళ్ళమ్మకు చెప్పేసిన. ఎల్లుండి నుంచి బడి మాన్పించి నూలు కండెలు చుట్టనీకి కూసోబెడతదట. పిల్లలకు చెప్పగలనన్న నమ్మకమే పోయింది. కొందరికి అక్షరం ఎందుకు అంటదు సారూ?"

ఏదైనా అడిగితే ముందు చెప్పులు వేసుకోవడం సారు అలవాటు. వేసుకున్నాడు. ఇద్దరూ రుచిత ఇంటికి నడిచారు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ ఇంటి ముందు గదినిండా అవే. అవి ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. అన్నానికి పిలిచేదీ, తిట్టేదీ చేతులతోనే. మూలన రుచిత, ఇంకా అక్షరాలు రాని తమ్ముడు ఒకే ఫోన్‌లో ఆట ఆడుతున్నారు. తెరమీద ఒక ముసలవ్వ వచ్చింది. ఆమె మాటలు కింద తెలుగులో పడ్డాయి: "వంతెన కూలింది. ఎద్దును నాకిచ్చి పడవ తీసుకో."

రుచిత కళ్ళు ఆ వరుసమీద పరుగెత్తాయి. తమ్ముడి వైపు తిరిగి చేయి విరిగినట్టు వేలాడదీసింది, నెత్తిన కొమ్ములు పెట్టింది, తెడ్డు వేసింది. వాడు పకపకా నవ్వి ఎద్దునిచ్చి పడవెక్కాడు. మళ్ళీ మాటలు పడ్డాయి, ఈసారి ఇంకా పెద్దవి. నాగలత చదవడం ముగించేలోపే పిల్ల చేతులు చెప్పేశాయి.

ఇంతలో తల్లి వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఆగక్కా, చదువుతున్నది!" అని నాగలత అరిచింది. సాంచాలు ఆ మాటను మింగేశాయి. తల్లి ఆమె చెవి దగ్గరికి వంగి, "గీ ఆటలకే ఖరాబైంది టీచరమ్మా. నువ్వన్నదే నిజం. భీవండిల సాంచాలు నడిపే మా ఆయనకు గూడ చెప్పిన, సరే అన్నడు" అంది. అటు పోగు తెగితే పరుగెత్తింది. రుచిత తలెత్తకుండా వెళ్ళి కండెల ముందు కూర్చుంది.

బయటికి వచ్చి నాగలత గోడకు ఆనుకుంది. "పరీక్ష పెట్టినప్పుడల్లా గట్టిగ చదవమన్న సారూ."

"ఆ ఇంట్ల గట్టిగ చదివేటోళ్ళను అది ఎన్నడన్న చూసిందా?"

ఆమెకు ఏడుపు ఆగలేదు. తన నోటినుంచి వచ్చిన మాట అప్పుడే భీవండి దాకా పోయి నిజమై కూర్చుంది. ఇప్పుడు కాదంటే నమ్మేదెవరు? చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

"రుచిత వాళ్ళ నాయినకు ఫోన్ చేస్త. నేనే చెప్త."

"అక్కడ గూడ సాంచాలే బిడ్డా," అన్నాడు సారు. "గట్టిగ చెప్పు."