అర అక్షరం ముందు

పెమ్మరాజు కామాక్షమ్మగారికి ఒక అలవాటుంది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. గమకం ఎందుకు పట్టుబడటం లేదండీ అని అడిగిన ఒక కుర్రాణ్ణి పెరట్లో దోసపాదుకు నీళ్ళు పొయ్యమని, పోసినంతసేపూ ఆగకుండా కూనిరాగం తియ్యమని పంపించారట. అతనికి గమకం వచ్చిందో లేదో గాని ఆ ఏడు దోసకాయలు మాత్రం విరగకాశాయని తోటి శిష్యులు నవ్వుకునేవారు. ఆవిడ సంగీత కళాశాలలో ముప్ఫై ఏళ్ళు వయొలిన్ నేర్పి రిటైరయ్యారు, ఇప్పుడు ఇంటి వసారాలో నేర్పుతున్నారు. ఆవిడకు తిక్క అని ఊళ్ళో సగం మంది అంటారు. తక్కిన సగం మంది ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళూ అదే అంటారు, కాకపోతే ఆవిడ చెవిన పడకుండా.

ఒక శనివారం పొద్దున నీలవేణి అడిగిన ప్రశ్న మాత్రం నవ్వులాటకు అడిగింది కాదు.

"అమ్మగారూ, నా వాయింపు బాగుందని మెచ్చుకుంటున్నారో, నన్ను చూసి జాలిపడి మెచ్చుకుంటున్నారో నాకెలా తెలుస్తుందండీ?"

నీలవేణికి ఇరవై ఏళ్ళు. అదే కళాశాలలో వయొలిన్ డిప్లొమా మూడో ఏడు చదువుతూ, ఈవిడ వసారాలోనూ నేర్చుకుంటోంది. తొమ్మిదో ఏట బస్సు ప్రమాదంలో ఆమె కుడి మోకాలు నుజ్జయింది. డాక్టర్లు కాలైతే నిలబెట్టారు గాని మోకాలు బిగుసుకుపోయి ఇక మడత పడలేదు. చేతికర్ర ఉంటే ఎంత దూరమైనా నడుస్తుంది. చిక్కల్లా కూర్చోవడం దగ్గరే. మన కచేరీల్లో కుర్చీలుండవు, అందరూ వేదిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. వయొలిన్ వాయించేవాళ్ళు ఆ వాద్యం తలను తమ కుడి పాదం మీద ఆనించుకుంటారు. నీలవేణి పాదమేమో ఆమడ దూరంలో చాపుకుని ఉంటుంది. అందుకని వడ్రంగం చేసే వాళ్ళ నాన్న వేపచెక్కతో జానెడు దిమ్మ చెక్కి, పైన గాడి తీసి ఇచ్చాడు. కాలు చాపుకుని, దిమ్మను పక్కన పెట్టుకుని, వయొలిన్‌ను దాని మీద ఆనించి వాయిస్తుంది. సంప్రదాయం మంట కలిసిపోయిందని కళాశాలలో ఒకరిద్దరు గొణిగారు. కామాక్షమ్మగారు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఏం మాట్లాడారో తెలియదు, తరవాత ఎవరూ గొణగలేదు.

ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షలో నీలవేణికి తరగతి మొత్తానికీ ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంతోషం ఆమెకు ఒక్క పూట కూడా నిలవలేదు. మెట్లు దిగడానికి ఆమెకు కొంచెం ఎక్కువసేపు పడుతుంది గనక వెనకబడింది, వెనకబడింది గనక పరీక్షకులిద్దరూ వరండాలో అనుకుంటున్న మాట విన్నది. "మనం వెయ్యకపోతే ఆ పిల్లకి ఎవరు వేస్తారండీ మార్కులు, పాపం!" అన్నాడు ఒకాయన. రెండో ఆయన అవునవునన్నాడు. ఆ మర్నాడే ప్రిన్సిపాలు ఆమెను పిలిచి, ఎంతో ఆప్యాయంగా, వేదిక ఎక్కి వాయించే చదువు మానేసి సంగీతశాస్త్ర విభాగానికి మారిపొమ్మని సలహా ఇచ్చారు. అక్కడ కుర్చీలో కూర్చుని రాసుకోవచ్చు, రేపు వికలాంగుల కోటాలో ఉద్యోగం కూడా దొరుకుతుంది. దరఖాస్తు ఆమె చేతిలో పెట్టి, సోమవారంలోగా ఇచ్చెయ్యమన్నారు. నీలవేణి దాన్ని నింపింది, సంతకం కూడా పెట్టింది. చెడ్డ మాట చెప్పినవాళ్ళైతే ఎదిరించేది. వీళ్ళంతా మంచివాళ్ళైపోయారు.

ఇదంతా వింటూ కామాక్షమ్మగారు వయొలిన్ కమానుకు రోజిన్ బిళ్ళ రుద్దడం ముగించారు.

"ఇవాళ సాయంత్రం ఖాళీయేనా?" అన్నారు.

"ఖాళీయేనండి."

"విశ్వంభరశర్మ గారి నవరాత్రి కచేరీకి నేను వాయించాలి. భుజం లాగుతోంది. నువ్వు వెళ్ళి వాయించు."

కొమ్మూరి విశ్వంభరశర్మ పేరు చెబితే ఆ జిల్లాలో వయొలిన్ పట్టినవాళ్ళకు అరిచేతులు చెమర్చేవి. గొప్ప గాయకుడే, కాదనేవాళ్ళు లేరు. కాని పక్క వాద్యం వాయించేవాళ్ళను తాళంలో ఇరికించి, వాళ్ళు తికమకపడుతుంటే చూసి ముసిముసిగా నవ్వుకోవడం ఆయనకు సరదా. నిరుడు ఒక నడివయసు విద్వాంసుడు ఆయన పక్కన రెండు గంటలు వాయించి, కచేరీ కాగానే ఎవరితోనూ చెప్పకుండా రైలెక్కేశాడు. అలాంటాయన పక్కన, నిండు సభలో, కాలు చాపుకుని కూర్చోవాలి.

"నా ప్రశ్నకు జవాబు చెప్పలేదండీ," అంది నీలవేణి.

"చీకటి పడకుండా బయల్దేరు. మెట్లున్నాయి అక్కడ," అన్నారు ఆవిడ.

సాయంత్రం కల్యాణమండపం కిటకిటలాడుతోంది. నీలవేణి పక్కమెట్లు ఎక్కి, వేదిక అంచున కూర్చుని, చేతుల మీద జరుగుతూ తన చోటుకు చేరేసరికి మండపమంతా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం ఆమెకు బాగా తెలుసు, ఎన్నేళ్ళయినా అలవాటు కాలేదు. చాపిన కాలు సరిగ్గా శర్మగారి ముందుకు వచ్చింది. సభ కార్యదర్శి గబగబా వచ్చి, "పెద్దవారి ముందు కాలు చాపినట్టుంటుందమ్మా," అంటూ దాని మీద ఒక పట్టు దుప్పటి కప్పి వెళ్ళాడు. శర్మగారు ఆ దుప్పటినీ, కర్రనూ, వేపచెక్క దిమ్మనూ చూశారు. ఆయన ముఖం మెత్తబడింది. "పరవాలేదమ్మా, భయపడకు. తేలిగ్గానే పాడతాను," అన్నారు చిన్నగా.

ఆ మాటతో భయమైతే పోయింది. నిరుడు రైలెక్కి పారిపోయిన విద్వాంసుడి మీద నీలవేణికి అసూయ కలిగిందంటే నమ్మాలి.

శర్మగారు మాట తప్పలేదు. గంటసేపు తేలిగ్గానే పాడారు. తరవాత తోడి రాగంలో ఒక కీర్తన అందుకుని, స్వరకల్పనకు వచ్చారు. గాయకుడు అప్పటికప్పుడు ఒక వరస స్వరాలు అల్లి పాడతాడు, ముగియగానే వయొలిన్ అందుకుని జవాబు చెప్పాలి. వంతులవారీ ఆట. మామూలుగా శర్మగారు పక్కవాళ్ళను పట్టుకునే చోటు ఇదే. ఆవేళ మాత్రం ఆయన పసిపిల్లలకు చెప్పే వరసల్లాంటివి, గుప్పెడేసి స్వరాలు పాడి, నీలవేణి వైపు తిరిగి, ఊఁ, కానీ, అన్నట్టు తల ఊపసాగారు. ఆమె వాయించిన ప్రతిసారీ జనం చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ పమిటచెంగుతో కళ్ళొత్తుకుంది. ఆ కన్నీళ్ళు తోడికి వచ్చినవి కావు, పసిపిల్లల వరసలకు ఎవరూ ఏడవరు. ఆవిడ పక్కనే కామాక్షమ్మగారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటున్నారు. శిష్యురాలి వైపు ఒక్కసారైనా చూడలేదు.

నీలవేణికి ఒళ్ళు మండింది. కమాను కదిలినప్పుడల్లా జారి దిమ్మకు అడ్డం పడుతున్న దుప్పటిని ఒక్క లాగు లాగి వెనక్కి పడేసింది. శర్మగారు మరో చిన్న వరస పాడి, తల ఊపారు. ఆమె ఆ వరసను ఉన్నదున్నట్టు వాయించింది. ఆగవలసింది అక్కడే. ఆగకుండా అదే వరసను రెండింతల వేగంతో తిప్పింది, తిప్పి, చివర ఒక మెలిక వేసి, దాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టినట్టు పెట్టి ఊరుకుంది.

చప్పట్లు పడలేదు. పక్క వాద్యం పాటను అనుసరించాలే గాని పాడేవారి మీదికి ఎక్కకూడదు, అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కార్యదర్శి పక్కన నిలబడి నుదురు కొట్టుకున్నాడు. మృదంగం వాయిస్తున్న పెద్దాయన చేతులు ఆపలేదు గాని కళ్ళు మాత్రం శర్మగారి మీదే ఉన్నాయి. శర్మగారి ముఖం మీద గంట నుంచీ ఉన్న చిరునవ్వు పోయింది. ఆయన ఉత్తరీయం సర్దుకుని, మైకు కాస్త ముందుకు లాక్కుని, ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నారు.

ఆ తరవాత ఆయన తల ఊపలేదు. స్వరాలు ఐదేసి చొప్పున గుత్తులు కట్టి ఎనిమిది దెబ్బల తాళానికి అడ్డంగా తోశారు. నీలవేణి పట్టుకుంది. ఒక చోట ఆగి, ఒక చోట ఆగకుండా, ఊపిరి తీసుకునే సందు లేకుండా పాడారు. చెమట కంట్లో పడుతున్నా పట్టుకుంది. నడుం లాగేస్తోంది, చాపిన కాలు మొద్దుబారింది, చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. జనం సంగతి ఆమెకు తెలియలేదు. అప్పుడు శర్మగారు ఒక పొడుగాటి ముక్తాయింపు అల్లారు. మూడుసార్లు తిరిగి, తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చి, పల్లవి ఎత్తుకునే చోట సూది పెట్టినట్టు దిగింది.

నీలవేణి దాన్ని అందుకుంది. మొదటి తిరుగుడు సరిగ్గా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది ముగించి పల్లవి మీదికి దిగేసరికి, తాళంలో అర అక్షరం, అంటే సగం దెబ్బ, ముందే దిగిపోయింది. మృదంగం ఆయన మంచివాడు, ఒక చిన్న దెబ్బ జరిపి ఆ తేడాను మింగేశాడు. జనానికి ఏమీ తెలియలేదు, మండపం అదిరేలా చప్పట్లు కొట్టారు. శర్మగారు చెయ్యెత్తారు. చప్పట్లు ఆగిపోయాయి.

ఆయన అదే ముక్తాయింపును మళ్ళీ పాడారు, తొడ మీద తాళం చెళ్ళుచెళ్ళున వేస్తూ, వెనక వరసలో ఉన్నవాళ్ళకు కూడా వినపడేట్టు. పాడి, ఆమె వైపు చూశారు. నీలవేణి మళ్ళీ వాయించింది. మళ్ళీ అర అక్షరం ముందు.

"ఊహుఁ," అన్నారు శర్మగారు, మైకులోనే. పల్లవి తానే అందుకుని ముందుకు సాగిపోయారు. నీలవేణి చెవులు వేడెక్కిపోయాయి. మిగిలిన కచేరీ ఎలా వాయించిందో ఆమెకే తెలియదు.

కచేరీ ముగిశాక వేదిక వెనక గదిలో కార్యదర్శి చేతులు నలుపుకుంటూ శర్మగారి ముందు నిలబడ్డాడు. కామాక్షమ్మగారు గోడవారన కుర్చీలో కూర్చున్నారు.

"ఏమీ అనుకోకండి శర్మగారూ, చిన్నపిల్ల. పైగా చూశారుగా, పాపం..."

"పాపమేమిటండీ?" శర్మగారు కస్సుమన్నారు. "కాలు చాపితే చాపింది, నాకేం అభ్యంతరం లేదు. తాళాన్ని ముడిచేసిందేమిటండీ?"

కార్యదర్శి చేతులు నలపడం ఆపేశాడు. అంత మాట ఆ పిల్ల ముఖం మీద ఎవరూ అనలేదు. నీలవేణి కర్ర ఊతతో రెండడుగులు ముందుకు వేసింది.

"నేను ముడవలేదండీ. మీరే రెండోసారి పాడినప్పుడు మూడో తిరుగుడులో ఒక విరామం తగ్గించారు!"

"తగ్గించలేదు. నువ్వు వినలేదు."

"విన్నానండీ!"

"వింటే ఎందుకు ముందు పడతావు? నా మీదికెక్కడానికి ఉన్న తొందర లెక్కపెట్టడానికి ఉండొద్దూ?" శర్మగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూనే ఇంకో నాలుగు తిట్టారు. ఆశీర్వదించలేదు, బాగా వాయించావనలేదు. కారెక్కి కూడా అద్దం దించి, వేళ్ళతో ఆ ముక్తాయింపు లెక్క ఆమెకు చూపించబోయి, ఛ, అని విసుక్కుని వెళ్ళిపోయారు.

ఆదివారం కామాక్షమ్మగారు పాలు పొయ్యి మీద పెట్టేసరికే నీలవేణి వసారాలో ఉంది. దిమ్మ పెట్టుకుని, వయొలిన్ శ్రుతి చేసుకుని, అదే ముక్తాయింపు వాయిస్తోంది. మొదటి తిరుగుడు, రెండో తిరుగుడు, మూడోది, అర అక్షరం ముందు. తిట్టుకుని మళ్ళీ మొదలుపెడుతోంది. కామాక్షమ్మగారు కాఫీగ్లాసుతో వచ్చి గడప దగ్గర నిలబడ్డారు.

"రేపేగా ఆ దరఖాస్తుకి ఆఖరు రోజు?"

"అది ఇవ్వడం లేదు లెండి," అంది నీలవేణి తల ఎత్తకుండా. "అమ్మగారూ, ఆయన తగ్గించలేదండీ. నిజంగానే నేనే ముందు పడుతున్నాను. ఎక్కడో తెలియడం లేదు. మూడో తిరుగుడు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలండీ?"

కామాక్షమ్మగారు గ్లాసు కింద పెట్టి, ఆమెకు ఎదురుగా చాప మీద కూర్చున్నారు.

"నిన్నటి ప్రశ్నకు జవాబు నాకు తెలియదే అమ్మాయ్. ఇవాళ్టిదానికి తెలుసు. తాళం వెయ్యి."