నలభై దాటని బండి

ప్రశ్న అడిగినవాడి బండెక్కడం విరూపాక్షయ్య గారికి అలవాటు. భీమవరం అవతల కాలవగట్టు మీద ఉండేది ఆయన ఆశ్రమం. పేరుకు ఆశ్రమమే గాని ఉన్నవి రెండు పెంకుటిళ్ళూ, ఒక అరుగూ, నాలుగు మందార మొక్కలూను. సందేహం పట్టుకుని ఎవరొచ్చినా ఆయన కూర్చోబెట్టి శ్లోకాలు వల్లించేవారు కారు. "ఎందులో వచ్చావు?" అని అడిగేవారు. సైకిలైతే వెనక, ట్రాక్టరైతే డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని, "పద, దారిలో చూద్దాం" అనేవారు. శిష్యుల సందేహాలు ఎన్ని తీరాయో తెలియదు గాని, ఆ వంకన గురువుగారు మాత్రం జిల్లా అంతా చూశారు.

ఒకనాటి ఉదయం గట్టు మీదికి పచ్చటి స్పోర్ట్సు కారొకటి నత్తలా పాక్కుంటూ వచ్చి ఆగింది. అందులోంచి నడుం పట్టుకుని బయటికొచ్చినవారు విజయగోపాలరాజు గారు. రొయ్యల చెరువుల మీద బాగా గడించిన మనిషి. అవతలివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడతారని పేరు. ఆశ్రమానికి పాతికేళ్ళుగా వస్తున్నా, చెప్పులు ఎప్పుడూ గుమ్మం బయట వదలరు, చేత్తో పట్టుకునే లోపలికొస్తారు.

"గురువుగారండీ, ఒక్క మాట చెప్పాలి. మనిషిని నమ్మొచ్చో లేదో ఎన్నాళ్ళు చూస్తే తెలుస్తుందండీ?"

విరూపాక్షయ్య గారు కారు చుట్టూ ఒకసారి తిరిగారు. తలుపు తెరిపించి, నేలకు జానెడెత్తున ఉన్న సీటు కేసి చూసి, "ఇందులోకి ఎక్కరల్లే ఉంది నాయనా, దిగుతారు" అన్నారు. ఆ తర్వాత ఎలాగో లోపలికి దిగారు. "ఎక్కడికి?"

"బెజవాడకండి. కంపెనీ వర్క్‌షాపుకి. సాక్ష్యం కోసం."

కారు కదిలింది. సాక్ష్యం సంగతి గోపాలరాజు గారు దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు. కారు కొని ఏడాది కావస్తోంది. అమ్మినవాళ్ళు అప్పుడే చెప్పారట, కొత్త ఇంజను కుదురుకునేదాకా దౌడు తీయించవద్దని. అలాగని ఒకే వేగంతో నడపవద్దని కూడా చెప్పారు. మొదటి మాట ఆయన నమ్మారు. రెండో మాట దగ్గర అనుమానం వచ్చింది. ఇంజను అరిగితే విడిభాగాలు అమ్ముకోవచ్చని ఈ మాట చెబుతున్నారని అప్పటికప్పుడే కనిపెట్టేశారు. అందుకని నలభై దాటనివ్వలేదు, నలభైకి తగ్గనివ్వలేదు. చెరువుల దగ్గరికి, అక్కణ్ణించి ఇంటికి, అంతే. ఒక్కనాడూ ఇంకొకరి చేతికి తాళం ఇవ్వలేదు. రాత్రి షెడ్డులో పెట్టేటప్పుడు చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి, పొద్దున్నే వచ్చి ఆ గీత గీసినచోటే ఉందో లేదో చూసుకునేవారు.

"గీత ఉన్నచోటే ఉంటుందండి. ఇంజనాయిలు మాత్రం తగ్గిపోతోంది! పోయిస్తున్నాను, తగ్గుతోంది. మళ్ళీ పోయిస్తున్నాను, మళ్ళీ తగ్గుతోంది. కింద చూద్దామంటే చుక్క కారిన మరక లేదు. షెడ్డుకి రెండో తాళం వేశాను. కెమెరా పెట్టించాను. ఆ కెమెరా పెట్టినవాడి మీద ఇంకొకణ్ణి పెట్టాను. అయినా దొరకలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఊరికే అన్నారా?"

"ఇంటి దొంగెవరు?"

ఆ పేరు నోటితో చెప్పడం గోపాలరాజు గారికీ కష్టంగానే ఉంది. "అచ్యుతవర్మండి" అన్నారు చివరికి.

అచ్యుతవర్మ ఆయన మేనల్లుడు. చెల్లెలు పోయాక తెచ్చి, తన కంచం పక్కన కంచం వేసి పెంచారు. చేపల పెంపకం మీద పెద్ద చదువే చదివించారు. మొగపిల్లలు లేని ఇల్లు, ఉన్నదంతా వాడిదే అని ఊరంతా అనుకుంటుంది. ఆయనా లోపల అనుకుంటారు. అయితే చదువై వచ్చిన దగ్గర్నించి ఈనాటిదాకా వాడికి ఒక్క చెరువు అప్పగించింది లేదు. మేత బస్తాలు దిగుతుంటే పక్కన నిలబడమంటారు. నిలబడ్డవాడు సరిగ్గా నిలబడ్డాడా లేదా అని గుమస్తాను అడుగుతారు. కుర్రాడు ఏనాడూ ఎదురుచెప్పలేదు. ఒక్కసారి మాత్రం, "మావయ్యగారూ, కారుని అప్పుడప్పుడూ కాస్త లాగనివ్వాలండి, ఇలా అయితే ఇంజను పాడవుద్ది" అన్నాడు. అదిగో, అప్పుడు పడింది అనుమానం. వీడికి నా కారు మీద కన్నుంది. నేను నిద్రపోయాక తీస్తున్నాడు, వంద మీద తిప్పి గీత మళ్ళీ గీసి పెడుతున్నాడు, అందుకే ఆయిలు కాలిపోతోంది. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

"నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగేశానండి, ఆయిలేం చేస్తున్నావురా అని. వాడు చెయ్యి కడిగేసుకున్నాడు. తూర్పు జిల్లాల్లో ఎవరో పిలుస్తున్నారంట, సాయంత్రం బండికి వెళ్ళిపోతాను, నన్ను నమ్మి పని చెప్పేచోట బతుకుతాను మావయ్యగారూ అన్నాడు. తప్పు చేసినోడికి ఆ పౌరుషం చూడండి! ఈ కారులో కంప్యూటరుంటదంటండి, ఇంజను ఎప్పుడు ఎంత తిరిగిందో అన్నీ దాచిపెడుతుందంట. అది వాడి ముందు పెట్టి అప్పుడు వెళ్ళమంటాను."

"పెట్టాక?"

"పెట్టాక…" అన్నారు గోపాలరాజు గారు. పెట్టాక ఏం చెయ్యాలో ఆయన ఆలోచించలేదు. తప్పు వాడిదని తేలితే చాలనిపించింది. తేలితే ఏం మిగులుతుందో తలుచుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఏలూరు దాటారు. ఆటోలు దాటిపోయాయి. పాలవ్యాను దాటిపోయింది. గడ్డిమోపుల ట్రాక్టరొకటి వెనక నించి హారన్ కొట్టి కొట్టి, పక్కకొచ్చి, ఆ పచ్చకారు కేసి జాలిగా చూసి ముందుకెళ్ళింది. విరూపాక్షయ్య గారు తల వెనక్కి తిప్పి చూసేసరికి కారు వదిలిన పొగ నీలంగా రోడ్డు మీద తేలుతోంది.

వర్క్‌షాపులో ఇంజనీరు ఒక ఆడమనిషి, పేరు సువర్చల. గోపాలరాజు గారు చెప్పిందంతా ఓపిగ్గా విని, కారుకి వైరు తగిలించి, తెర మీద చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఇంజనులోకి సన్నటి కెమెరా దింపి లోపల గోడలు చూసింది. అంతసేపూ ఆయన ఆవిడ వెనకే నిలబడి ఆవిడ చేతులు గమనిస్తూనే ఉన్నారు.

"ఎంత స్పీడు పోయాడమ్మా? దాచకుండా చెప్పు."

"ఎవరూ పోలేదండి. కొన్న రోజునించి ఈ ఇంజను ఒక్కసారి కూడా గట్టిగా తిరగలేదు. ఆయిలు ఎవరూ తియ్యలేదు కూడా. ఇంజనే తాగేస్తోంది."

"ఎందుకు తాగుద్ది? పువ్వుల్లో పెట్టి చూసుకున్నాను కదమ్మా!"

"అందుకేనండి" అంది ఆవిడ. "పిస్టను చుట్టూ రింగులుంటాయి. కొత్తలో అవి సిలిండరు గోడకి ఒరుసుకుని కుదురుకోవాలి. దానికి బండి కాస్త బరువు లాగాలి, వేగం పెరగాలి, తగ్గాలి. మీరు ఏడాదిపాటు ఉత్తినే తిప్పారు. గోడలు అద్దంలా నునుపెక్కిపోయాయి, రింగులకి పట్టు దొరకలేదు. ఆ సందులోంచే ఆయిలు పైకెక్కి కాలిపోతోంది. కొత్తలో దౌడు తీయించొద్దన్నాం గాని, అసలు పనే చెప్పొద్దనలేదు కదండీ."

గోపాలరాజు గారికి వెంటనే వచ్చింది కోపమే. ఈవిడా ఆ అమ్మినవాళ్ళ మనిషే కదా అని ఒక్క క్షణం అనుమానం కూడా తల ఎత్తింది. కాని అదే మాట తన ఇంట్లో, ఏ విడిభాగాలూ అమ్ముకోని కుర్రాడొకడు చెప్పాడు. చెప్పినందుకే దొంగయ్యాడు. అది గుర్తొచ్చేసరికి ఆయనకు నిలువునా సిగ్గేసింది. చెల్లెలు పోయిననాటి తర్వాత అంత దుఃఖం ఆయనకెప్పుడూ రాలేదు.

"బాగవుద్దామ్మా?"

"బాగవుతుందండి. ఇంజను విప్పి, గోడలు మళ్ళీ గరుకు పెట్టి, రింగులు కొత్తవి వెయ్యాలి. మళ్ళీ మొదటినించీ నడపాలి. బండి మా దగ్గర వదిలి వెళ్ళండి."

"విప్పి మళ్ళీ బిగిస్తారన్నమాట" అన్నారు విరూపాక్షయ్య గారు, అదేదో గొప్ప వింత విన్నట్టు. "ఇంజనుకి ఆ వీలుండడం మంచిదే."

గోపాలరాజు గారు ఫోను తీశారు. అచ్యుతవర్మ ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఈసారి ఫోను కట్టేసి ఉంది. ఇంటికి చేస్తే, బాబు సంచి సర్దుకుని ఎప్పుడో బయల్దేరాడండి, బండి వేళదాకా స్టేషన్లోనే కూర్చుంటానన్నాడండి అంది వంటమనిషి. ఆయన కంపెనీ పత్రాల మీద చదవకుండానే సంతకం పెట్టి, తాళం ఆ ఇంజనీరు చేతిలో పెట్టేసి రోడ్డు మీదికి పరుగెత్తారు. వెనకాల గురువుగారు ఉత్తరీయం సర్దుకుంటూ తన వేగంతో తాను వచ్చారు. చెట్టు నీడన ఒక అద్దెకారు ఆగి ఉంది. సీటు వెనక్కి వాల్చి పడుకున్న డ్రైవరుని గోపాలరాజు గారు భుజం పట్టుకుని లేపారు.

"భీమవరం స్టేషను, బాబూ. సాయంత్రం బండి అందాలి. మనిషి ఎక్కేలోపల నేను ప్లాట్‌ఫారం మీదుండాలి."

"కష్టమండి. అందాలంటే బాగా తొక్కాలి. పెద్దాయనున్నారు కదా, పర్లేదా?"

"తొక్కు. వందైనా సరే, నూటిరవై అయినా సరే. ఎలా తొక్కుతావో నీ ఇష్టం. నిన్ను నమ్ముకునే కూచున్నాం."

కారు దుమ్ము రేపుకుంటూ లేచింది. పొద్దున తమను దాటిన బళ్ళలాంటివే ఒకదాని తర్వాత ఒకటి వెనకబడుతున్నాయి. గోపాలరాజు గారు ముందుసీటు మీదికి వంగి, రోడ్డు కేసి, వాచీ కేసి మార్చి మార్చి చూస్తున్నారు. కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ చూశారు. లారీ పక్కనించి వెంట్రుకవాసిలో తప్పించుకుని కారు దూసుకుపోయినప్పుడు కూడా ఆయన, "పోనీ, పోనీ" అన్నారే తప్ప ఇంకేమీ అనలేదు.

విరూపాక్షయ్య గారు పై పిడి గట్టిగా పట్టుకుని, గాలికి ఎగిరే ఉత్తరీయం ఇంకో చేత్తో ఒత్తిపట్టుకుని, పొద్దుటి ప్రశ్నకి జవాబు దొరికినట్టు డ్రైవరు కేసి చూశారు.

"గోపాలరాజూ, ఈ అబ్బాయి పేరేమిటి?"