తోలు ఒర సాక్ష్యం

గండ్రేడు జమీందారుగారికి పాత జర్మనీ పోలీసు పిస్తోళ్ళంటే పిచ్చి. అందులోనూ ఏ మీటో మరొకటో తక్కినవాటికి భిన్నంగా ఉందంటే, అది చేజిక్కేదాకా ఆయనకు కంటిమీద కునుకుండదు.

ఒకనాడు పట్నం నుంచి చిదంబరం షావుకారు ఒక పిస్తోలు తెచ్చాడు. గుండు పేలకుండా ఆపే దాని మీట బొటనవేలంత పొడుగు.

"ఇలాంటిది ప్రపంచంలో ఒక్కటే చేశారు ప్రభూ!"

బదులుగా షావుకారు, జమీందారు కొలువులోని కమ్మరి నాగోజు సాగుచేసుకునే మాన్యం అడిగాడు. జమీందారు సరేననబోయారు.

పిస్తోళ్ళకు నూనె పెడుతున్న నాగోజు ఆ మాట విని దగ్గరికొచ్చాడు.

"ఎంత అందంగా ఉంది షావుకారుగారూ! ఈ తోలు ఒర కూడా దీనిదేనా?"

"దీనిదే. దీన్ని వాడిన పోలీసాయన ఇరవై ఏళ్ళు ఇందులోనే పెట్టుకు తిరిగాడు," అని షావుకారు మీసం దువ్వాడు.

"మీట మధ్యలో మార్చారేమో?"

"పుట్టినప్పటి నుంచీ ఇదే!"

నాగోజు పిస్తోలును ఒరలోకి దించాడు. మీట అడ్డుపడి మూత పడలేదు. అప్పుడు ఒర లోపలి తోలును జమీందారుకు చూపించాడు. ఇరవై ఏళ్ళ ఒరిపిడికి పిస్తోలు అచ్చు లోతుగా దిగింది. మీట ఉండేచోట మాత్రం గోరంత గుంట.

"తోలు కుంచించుకుపోయింది," అని గొణిగాడు షావుకారు.

"ఒక్క మీట దగ్గరేనా బాబూ?"

షావుకారు పిస్తోలు సంచిలో వేసుకుని మెట్లు దిగాడు.

జమీందారు మురిసిపోయారు. "భలేవాడివోయ్ నాగోజూ! బీరువాలో ఉన్నవాటి ఒరలు కూడా తెప్పించనా?"

నాగోజు చేతులు జోడించాడు. "వద్దు దొరా. అవి కొనేశారు కదా!"