పేరూ గోత్రమూ

తుంగభద్ర ఒడ్డున సోమయాజులుగారి వేదపాఠశాల. ఆ ఉదయం పెద్ద శిష్యుడు నరహరి పాఠానికి ఆలస్యంగా వచ్చి, తువ్వాలులో చుట్టిన కత్తిని గురువుగారి ముందు పెట్టాడు.

అవి ఎన్నికల రోజులు. నాయకుడొకాయన ఊళ్ళో కుర్రాళ్ళను పోగేసి, ధర్మాన్ని కాపాడే భారం మీదేనని నూరిపోసి, తలా ఒక కత్తి ఇచ్చాడు. తాను మాత్రం బస దాటి రాడు లెండి. సాయంత్రం ఊరేగింపు సాయిబుల వీధిలోకి మళ్ళగానే కుర్రాళ్ళు ఇళ్ళ మీద పడాలి.

"దీనికి కుంకుమ పెట్టి ఇవ్వండి గురువుగారూ," అన్నాడు నరహరి.

"మొదట ఎవరిల్లు?"

"వీధి మొదట్లోదే. మౌలాలిది."

చెప్పాక నరహరి తల దించుకున్నాడు. పరుపులు కుట్టే మౌలాలి. ఎంత హాయి రోజులవి! చలికాలం వచ్చిందంటే అతను పాఠశాల అరుగు మీద కూర్చుని దూది ఏకేవాడు. వింటినారి టంగుమంటుంటే లోపల పిల్లల స్వరాలు దానితో పాటే లేచేవి. "సాయిబు తాళం వేస్తున్నాడర్రా, తప్పకండి," అని గురువుగారు నవ్వేవారు. మధ్యాహ్నానికి అందరి పిలకల్లోనూ దూదే. అప్పుడే ముసలాళ్ళమైపోయామని ఒకరినొకరు చూసి విరగబడి నవ్వేవాళ్ళు. ఆ రోజులు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది. అయినా పట్టుదల వదల్లేదు.

గురువుగారు కుంకుమ భరిణె పక్కకు జరిపారు. జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, దక్షిణం వైపు తిరిగి కూర్చున్నారు. అరచేతిలో నువ్వులు వేసుకుని నీళ్ళు పోసుకున్నారు.

నరహరి చప్పున ముందుకు వంగాడు. పోయినవాళ్ళకు తర్పణం వదిలే పద్ధతి అది.

"ఎవరికండీ?"

"మౌలాలికి."

"బతికున్న మనిషికా?"

"సాయంత్రానికి ఉండడు కదా. గోత్రం చెప్పు."

"సాయిబులకు గోత్రమెక్కడిది గురువుగారూ?"

"గోత్రం తెలియనివాళ్ళకు ఏం చెప్పాలని నేర్పాను?"

"కాశ్యప గోత్రం," అన్నాడు నరహరి, పాఠం అప్పజెప్పినట్టు చటుక్కున.

అని ఆగిపోయాడు. వడుగైన నాటి నుంచి రోజూ సంధ్య వార్చి తాను చెప్పుకునే గోత్రం అదే.

గురువుగారు చెయ్యి చాచారు. "సగోత్రుడు పోతే మీ ఇంట్లోనూ మైల పట్టాలి. మీ అమ్మకు చెప్పి వచ్చావా నాయనా?"

చెయ్యి మెల్లగా వంగింది. నీళ్ళు బొటనవేలి వైపు జారుతున్నాయి. నరహరి ఆ చేతిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు.